సుంకమ్మ పొలం మీద కొసరు వాన

స్వాతి కార్తె, రెండో రోజు

ఆఫీసు డైరీ ఒకటి నాకు ఎలాగూ ఉంది. అందులో ఏ వాక్యం రాసినా మర్యాదలు దిద్దే యంత్రం సుభాషిణి చదివి మార్కులు వేస్తుంది. అందుకే సంత నుంచి ఈ కాగితం పుస్తకం తెప్పించుకున్నాను. ఇందులో ఎవరికీ "గారు" తగిలించను. ముందే చెబుతున్నాను.

నా పేరు కుళ్లాయప్ప. వాన బట్వాడా శాఖ, మూడో మబ్బు, రెండో తరగతి గుమాస్తాను. కింద రైతులు వాన అడుగుతారు. నేను రాసుకుని, పక్క మబ్బు తెప్ప మీదున్న తూము గదికి మెయిల్ పంపుతాను. అక్కడ మద్దిలేటి తూము తిప్పుతాడు. ఇంతోటి పనికి ఆరుగురం చాలు. మేం నూట నలభై మందిమి ఉన్నాం.

పొద్దున్నే టీ తాగి, తడి చొక్కా తొడుక్కుని కుర్చీలో కూర్చున్నాను. మబ్బులో బట్టలు ఆరవు. పదిహేనేళ్ల సర్వీసులో నేను పొడి చొక్కా వేసుకున్నది సెలవుల్లోనే. మొదటి అర్జీ గొట్టంలోంచి వచ్చింది. ప్రతి ఊరికీ మా తెప్ప నుంచి ఒక గొట్టం వేలాడుతుంటుంది. రైతులు అందులో మాట్లాడితే మాకు వినిపిస్తుంది. మేం మాత్రం నోటితో జవాబు చెప్పకూడదు. రాసి, సుభాషిణి చేత దిద్దించి, చీటీగా కిందికి వదలాలి.

"ఒరే సచ్చినోడా, ఉండావా? నేను ఉప్పరకుంట్లపల్లె సుంకమ్మని! నేల రాయి మాదిరి ఉండాది. చెట్టు పీకితే కాయంతా నేల్లోనే తెగిపోతాండాది. రెండు గంటలు వాన ఇయ్యి. రెండంటే రెండే!"

ఈమె నన్ను ఆరేళ్లుగా ఇలాగే పిలుస్తోంది. నేను ఆమెను చూసింది దుర్భిణిలోనే. ఐదెకరాల్లో వేరుశనగ వేస్తుంది. అందరూ వేసే రకం కాదు, వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, నాటి రకం. చుట్టుపక్కల ఏడు ఊళ్లలో ఆ విత్తనం ఆమె దగ్గర తప్ప ఎక్కడా లేదు. ప్రతి ఏడాదీ సగం కాయ విత్తనానికి దాచి, అడిగినవాళ్లకు తిట్టి మరీ ఇస్తుంది.

"సుంకమ్మ పొలం, రేపు పొద్దున, రెండు గంటలు" అని రాశాను. సుభాషిణి తొమ్మిది మార్కులు వేసింది. అరవై వస్తేగానీ మెయిల్ గడప దాటదు. "తూము విభాగం వారి యోగక్షేమాలు అడగడం మరిచినట్టున్నారు" అంది. అడిగాను. "ముందుగా ధన్యవాదాలు చెబితే బాగుంటుంది" అంది. చెప్పాను. అరవై నాలుగు మార్కులతో మెయిల్ వెళ్లింది. మద్దిలేటి అక్కడ చదువుకుని నవ్వుకునే ఉంటాడు. మేమిద్దరం రోజూ ఒకే బల్ల మీద అన్నం తింటాం.

స్వాతి కార్తె, నాలుగో రోజు

వాన చక్కగా పడింది. రెండంటే రెండే గంటలు. సుంకమ్మ పన్నెండు మంది కూలీలను పెట్టి పంటంతా పీకించింది. చెట్లన్నీ కాయలతో సహా పొలంలో వరసలుగా ఎండకు పరిచి ఉన్నాయి. దుర్భిణిలో చూస్తే కడుపు నిండినట్టయింది.

ఆ సంతోషం మధ్యాహ్నం దాకానే నిలిచింది. పని బాగా జరిగిన రైతు తరఫున మా ఆఫీసు అందరికీ ఒక కృతజ్ఞతా పత్రం వెళ్లడం ఇక్కడి ఆనవాయితీ. సుంకమ్మకు తెలియకుండానే సుంకమ్మ పేరు మీద వెళ్లింది. దానికి లెక్కల విభాగం అందరికీ జవాబిస్తూ ధన్యవాదాలు చెప్పింది. లెక్కల విభాగానికి గాలి విభాగం చెప్పింది. క్యాంటీన్ వాడు కూడా చెప్పాడు, వాడికి వానతో సంబంధం ఏమిటో. మూడు గంటలకల్లా నూట డెబ్బై మెయిళ్లు.

ఇందులో నవ్వే సంగతి ఒకటి, ఏడ్చే సంగతి ఒకటి. మూడేళ్ల కిందట ఈ ఆఫీసులో ఎవడూ ఎవడికీ మంచి మాట రాసేవాడు కాదు. ఒక గొడుగు పోయిందని గాలి విభాగం వాళ్లు, లెక్కల వాళ్లు అందరికీ జవాబులు కొట్టుకుంటూ పదకొండు వేల మెయిళ్లు తిట్టుకున్నారు. ఆ రభసలో తూము కట్టడం మరిచిపోయి ఒక పెళ్లి పందిట్లో ఐదు అంగుళాల వాన కురిపించారు. అప్పుడు మా మబ్బు అధిపతి అరవింద మేడం సుభాషిణిని తెచ్చి పెట్టింది. అంతటితో ఊరుకోలేదు. ఏ పొలం పేరు మీద ధన్యవాదాల మెయిల్ వస్తే, ఆ పొలానికి కొసరు వాన ఇవ్వాలని రూలు పెట్టింది. మెయిల్ ఒక్కింటికి ఐదు నిమిషాలు. కూరగాయల సంతలో పిడికెడు మిరపకాయలు కొసరు వేసినట్టు.

నూట డెబ్బై మెయిళ్లు. లెక్క చూశాను. పద్నాలుగు గంటలు పైచిలుకు. రేపు పొద్దున్నే మొదలు.

పీకిన వేరుశనగ మీద వాన పడితే కాయలోనే మొలకలొస్తాయి. మా ఇంట్లోనూ వేరుశనగే పండించేవాళ్లు, నాకు తెలియనిది కాదు. వెంటనే రాశాను: "సుంకమ్మ పొలం మీద వాన వద్దు. ఆపండి."

సుభాషిణి రెండు మార్కులు వేసింది. "వద్దు, ఆపండి, కాదు, లేదు అనే మాటలు తోటి ఉద్యోగుల మనసు నొప్పిస్తాయి. ఇలా మార్చాను" అని చూపించింది.

"తూము విభాగం వారికి నమస్సులు. సుంకమ్మ పొలం విషయంలో మీరు చూపుతున్న అపారమైన ఔదార్యానికి ధన్యవాదాలు. ఆ ఔదార్యం గురించి తీరిక చూసుకుని ఒకసారి ఆలోచించగలరని ఆశ."

తొంభై ఒక్క మార్కులు. నేను వేలు తీసేలోపే వెళ్లిపోయింది. పొలం లెక్కలో ఇంకో ఐదు నిమిషాలు చేరాయి.

స్వాతి కార్తె, ఐదో రోజు

తెల్లారేసరికి వాన మొదలైంది. గొట్టం దగ్గరికి పోవడానికి కాళ్లు రాలేదు.

"ఒరే! ఎవురడిగినారురా నిన్ను? రెండు గంటలని చెప్పినా గదా! చెవుల్లో దూది పెట్టుకున్యావా? పీకిన కట్టెంతా నానతాండాది. కప్పుదామంటే ఐదెకరాలకి పట్టలు యాడ తెచ్చేది? నిలపరా సామీ, నీకు పున్నెముంటాది!"

తిట్టినంతసేపు నాకు బాగానే ఉంది. బతిమాలినప్పుడే తట్టుకోలేకపోయాను. "అక్కా, నా చేతిలో లేదు, ప్రయత్నం చేస్తున్నా" అని చీటీ రాశాను. కింద పడిన చీటీలో ఏముందో ఆమె చదివి వినిపిస్తే తెలిసింది.

"'మీ అమూల్యమైన అభిప్రాయం మాకు ఆనందం కలిగించింది' అంటనా? ఆనందమా? పైకొచ్చినానంటే చూపిస్తా నీకు ఆనందం!"

తాళ్ల బండెక్కి పక్క తెప్పకు వెళ్లాను. మద్దిలేటి తూము ముందు తల పట్టుకుని కూర్చున్నాడు.

"మద్దిలేటీ, తిప్పప్పా. కట్టెయ్ దాన్ని."

"నేను తిప్పనంటినా? చూడు." చక్రం మీద రెండు చేతులూ వేసి బలమంతా పెట్టాడు. కదల్లేదు. "కొసరు లెక్క అయిపోతే గానీ తాళం ఊడదు. నోటి మాట దీనికి ఎక్కదు. మెయిలొస్తేనే ఎక్కుతాది. మెయిలొస్తే కొసరు పెరుగుతాది. నిన్న నువ్వు పంపినావే, ఔదార్యం అని, దానికి నేను కూడా ధన్యవాదాలు చెప్పాల్సొచ్చె."

"చెప్పినావా?"

"చెప్పకుంటే నా మార్కులు పోతాయి గదా!"

ఇంకో ఐదు నిమిషాలు. వాడి నెత్తిన ఒకటి మొట్టి, వాడి టీ తాగి వచ్చాను.

స్వాతి కార్తె, ఆరో రోజు

మేడం గది తలుపు తట్టాను. నోరు తెరవబోతే ఆమె గోడ మీది బోర్డు వైపు వేలు చూపించింది. "నోటి మాట చెల్లదు. దయచేసి మెయిల్ పంపండి." ఆ బోర్డు రాయించింది ఆమే. వెనక్కి వచ్చి, ఆమె గదికీ నా కుర్చీకీ మధ్య ఎనిమిది అడుగుల దూరానికి మెయిల్ పంపాను. సుభాషిణి దిద్దిన తర్వాత అందులో సుంకమ్మ కష్టం ఎక్కడుందో నాకే దొరకలేదు.

అయినా మేడం తెలివైన మనిషి, సంగతి పట్టుకుంది. తూము విభాగానికి స్వయంగా మెయిల్ పంపింది. అధిపతి మెయిల్ కాబట్టి అందులో ధన్యవాదాలు నాలుగు. అధిపతి అంతటిది స్వయంగా రాసిందని ఆఫీసు మొత్తం ఆమెకు ధన్యవాదాలు చెప్పింది. ఆ ధన్యవాదాలకు మళ్లీ ఒకరికొకరు ధన్యవాదాలు చెప్పుకున్నారు. సుంకమ్మ పొలం పేరు పైనే ఉంది. సాయంత్రానికి ఇంకా నలభై మూడు గంటల వాన బాకీ ఉంది.

మేడం గది అద్దంలోంచి నన్ను చూసింది. నేను ఆమెను చూశాను.

సుంకమ్మ ఈరోజు తిట్టలేదు. "రెండ్రోజులు చూస్తా. ఇంగా తడిస్తే మొలకలొస్తాయి. మా జేజి ఇచ్చిన విత్తనం నా చేతిలో పోతాది" అని మాత్రం అంది. ఆ తర్వాత గొట్టంలో వాన చప్పుడే వినిపించింది.

స్వాతి కార్తె, ఏడో రోజు

క్యాంటీన్ పిల్లి చచ్చిపోయింది. ముసలిది, పద్దెనిమిదేళ్లు బతికింది, నా భోజనంలో చేప ముక్క దొరికితే దానిదే. క్యాంటీన్ వాడు సంతాప సందేశం పంపాడు. అది నా తెరమీద కనిపించిన క్షణంలోనే గంట మోగింది. అందరూ లేచి నిలబడ్డారు. మబ్బు మీది యంత్రాలన్నీ ఆగిపోయాయి. కిందికి చూద్దును కదా, సుంకమ్మ పొలం మీద ఎండ!

రెండు నిమిషాలే. మళ్లీ వాన.

రూల్స్ పుస్తకం తీసి సంతాపాల పట్టిక వెతికాను. పెంపుడు జంతువుకు రెండు నిమిషాలు. గుమాస్తాకు పావుగంట. విభాగాధికారికి రెండు గంటలు. మబ్బు అధిపతికి మూడు రోజులు, పైగా శోకదినాలు ముగిసేసరికి పాత కొసర్లన్నీ రద్దు. సంతాప సందేశంలో ధన్యవాదాలు ఉండనక్కరలేదు. సుభాషిణి చదవకుండానే నూరు మార్కులు వేస్తుంది. చావు నిజమా అని అడగడం మర్యాద కాదు కాబట్టి అడగదు కూడా.

మొదట నన్ను నేనే చంపుకున్నాను. "రెండో తరగతి గుమాస్తా కుళ్లాయప్ప ఇక లేరని తెలియజేయడానికి చింతిస్తున్నాం." గంట మోగింది. అందరూ లేచి నిలబడ్డారు, నేనూ నిలబడ్డాను. పక్క కుర్చీ వాడు నా వైపే చూస్తూ కళ్లు ఒత్తుకున్నాడు. వాన పావుగంట ఆగింది. తర్వాత సంతాపాలు వచ్చాయి. "ఆయన లేని లోటు తీర్చలేనిది" అని లెక్కల విభాగం. "ఆయన కిటికీ పక్క కుర్చీ ఖాళీ అయితే నాకు ఇప్పించగలరు" అని గాలి విభాగం. దానికి తొంభై మార్కులు.

మద్దిలేటి తాళ్ల బండి మీద పరిగెత్తుకొచ్చాడు.

"నువ్వు పోయినావంటనే?"

"వాన కోసరమప్పా."

"అట్లయితే నన్ను కూడా చంపు. ఇంకో పావుగంట."

చంపాను. సాయంత్రానికి మరో ఎనిమిది మంది గుమాస్తాలు తమంతట తామే వచ్చి పోయారు. మొత్తం రెండున్నర గంటల ఎండ. సరిపోదు. ఆగిన వాన ఆగినంతసేపూ వెనక్కి జరిగిందే తప్ప తగ్గలేదు. ఇంకా ఇరవై గంటలకు పైగా ఉంది. మిగిలింది ఒకే దారి. ఆ దారిలో నా ఉద్యోగం పోతుంది.

స్వాతి కార్తె, ఎనిమిదో రోజు

పొద్దున్నే గొట్టం దగ్గర చెవి పెట్టాను. సుంకమ్మ కూలీలతో మాట్లాడుతోంది. "ఆ మూల రెండు కాయలు పగిలినాయి సూడండి" అంటోంది. మొలకలు మొదలయ్యాయి.

తెర ముందు కూర్చుని మేడం మరణవార్త రాశాను. ఉత్త మాటలు రాయడానికి మనసొప్పలేదు. ఏదో ఒకటి నిజం రాయాలనిపించింది. పన్నెండేళ్ల కిందట పెద్ద తూము పగిలినప్పుడు, ఆమె అప్పటికి చిన్న అధికారి, చలిలో నిలువునా తడుస్తూ ఆరు గంటలు ఆ చక్రం పట్టుకుని నిలబడింది. అందరికీ తెలుసు. ఎవరమూ ఆమెకు ఆ మాట చెప్పలేదు. అదే రాసి పంపాను.

గంట మోగింది. తూములన్నీ మూతపడ్డాయి. ఎండ వచ్చింది. తూము పని లేక మద్దిలేటి నా పక్కకు టీకి వచ్చాడు.

పది నిమిషాల తర్వాత మేడం నా కుర్చీ ముందు నిలబడింది. ఈ మూడేళ్లలో ఆమె గది దాటి రావడం ఇదే మొదటిసారి చూశాను.

"నేను పోయానని రాసింది నువ్వేనా?"

"అవును మేడం."

"నువ్వు పోయావని నిన్న మెయిలొచ్చింది."

"అవును మేడం."

"మరి ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నావయ్యా?"

"టీ తాగుతున్నాను మేడం."

ఆమె పక్క కుర్చీలో కూలబడింది. "బతికే ఉన్నానని ఏడు సార్లు పంపాను. పదకొండు మార్కులు దాటలేదు. శోకంలో ఉన్నవాళ్ల మాట కాదనడం మర్యాద కాదంట! పోనీ నీకు మెమో ఇద్దామని రాశాను. చనిపోయినవారిని మందలించరాదని దానికి సున్నా వేసింది. నా ఆఫీసులో నన్ను బతకనివ్వడం లేదయ్యా అది!"

నేను దుర్భిణి ఆమె చేతికిచ్చాను. కింద సుంకమ్మ, కూలీలు వంగి వంగి చెట్లను ఒక్కొక్కటీ తిరగేస్తున్నారు, రెండో పక్క ఎండ తగిలేలా. సుంకమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని లేచి, పైకి చూసి, మళ్లీ వంగింది. మేడం చాలాసేపు చూసింది.

"ఎన్నాళ్లు ఎండాలి?"

"మూడు రోజులు మేడం."

"ఆ విత్తనం ఇంకెక్కడా లేదా?"

"లేదు మేడం."

"బుద్ధుందా నీకు?" అంది ఒక్కసారిగా. "ఇంత సంగతైతే తలుపు తోసుకుని వచ్చి మొహం మీద చెప్పొద్దూ? బోర్డు చూపిస్తే వెనక్కెళ్లిపోతావా? వాజమ్మ!"

మూడేళ్లలో నన్ను ఈ ఆఫీసులో ఎవరూ వాజమ్మ అనలేదు. నిజం చెప్పొద్దూ, నాకు ఎంత హాయిగా అనిపించిందో.

"బోర్డు రాయించింది మీరే కదా మేడం."

ఆమె నా తెర మీది సంతాపం మళ్లీ చదివింది. కాసేపటికి, "ఆ చక్రం సంగతి నీకెలా గుర్తుందయ్యా?" అని అడిగింది. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "సరే. మూడు రోజులు పోయే ఉంటాను. టీ ఇప్పించు. బతికొచ్చాక మొదట ఆ కొసరు రూలు తీసి పారేస్తాను. మద్దిలేటీ, వింటున్నావుగా?"

"ఇంటాండా మేడం" అన్నాడు మద్దిలేటి. వాడూ పోయినవాడే కాబట్టి మా టీ గుంపులో ఉన్నాడు.

స్వాతి కార్తె, పదకొండో రోజు

మేడం దారిలోనే మిగతావాళ్లూ ఒక్కొక్కరే తమ చావు కబుర్లు పంపుకున్నారు. ఇప్పుడు ఆఫీసులో బతికున్నవాళ్లకంటే పోయినవాళ్లే ఎక్కువ. పోయినవాళ్ల మెయిళ్లను, సంతాపాలు తప్ప, సుభాషిణి గడప దాటనివ్వదు. అందుకని ఏది కావాలన్నా లేచి వెళ్లి నోటితో అడుగుతున్నాం. పోయిన గొడుగు కూడా దొరికింది. లెక్కల విభాగం వాడు పోయాక ధైర్యం తెచ్చుకుని, "నా బీరువాలోనే ఉండాదప్పా" అని చెప్పేశాడు. గాలి విభాగం వాడు వాడిని నాలుగు తిట్టి, భుజం మీద చెయ్యి వేసి క్యాంటీన్‌కు తీసుకుపోయాడు.

మధ్యాహ్నం ఉప్పరకుంట్లపల్లె గొట్టం మోగింది. ఈసారి సుంకమ్మ గొంతు మెల్లగా ఉంది.

"పైన ఎవురన్నా ఉండారా? కుళ్లాయప్ప అని ఒగాయన ఉండె. పోయినాడంట గదా. చీటీ వచ్చినాది." ముక్కు ఎగబీల్చింది. "కాయ ఎండినాది. రెండు బుట్టలు మొలకెత్తినాయి, పోనీ. మిగిలిందంతా గలగలమంటాండాది. విత్తనం దక్కినాది. ఆయప్ప పేరు మీద ఒక బస్తా తెచ్చినా, పెద్ద దినానికి ఎవురికన్నా పెట్టండి. బతికుండంగా ఒగ మంచి మాట అనలేదు నేను."

ఆమె ఏడుస్తోంది. ఆరేళ్లలో నేను ఆమెకు నా గొంతు వినిపించలేదు. చీటీ రాద్దామని కలం తీశాను. పోయినవాడి చీటీ కిందికి పోదు. కలం పక్కన పెట్టి గొట్టానికి నోరు ఆనించాను.

"అక్కా, ఏడ్వద్దు. నేను కుళ్లాయప్పని. బతికే ఉండాను."

మేడం, మద్దిలేటి, మిగతా పోయినవాళ్లంతా నా వెనకాల గుమిగూడారు.

"నువ్వేనా?"

"నేనే అక్కా. వాన నిలపాలని పోయినా."

తర్వాత ఆ గొట్టం పగిలిపోతుందేమో అన్నంత గట్టిగా వినిపించింది.

"సచ్చినోడా!"

నాకు కళ్లనిండా నీళ్లు తిరిగాయి. వెనక అందరూ పగలబడి నవ్వారు. కింద సుంకమ్మ కూడా నవ్వుతోంది. కిందికి తాడు వదిలి, బస్తాకు కట్టమని చెప్పి, నేను పైకి లాగడం మొదలుపెట్టాను.